బరఫ్ చాచా పెంగ్విన్లు

చాచా పోయాడని చాచీ ఫోన్ చేసింది. ఎట్లా పోయాడని అడిగాను.

“కరెంటోనితోని కొట్లాడి ఇంటికొచ్చిండు. కుండల నీళ్లు తాగిండు, పండుకున్నడు. మల్ల లేవలే బేటీ” అంది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నవ్వాను. ఏడుపు తరవాత వచ్చింది. ఎవరితోనూ కొట్లాడకుండా ప్రశాంతంగా పోయాడని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. వేరే ఎవరి గురించో చెబుతోందనుకునేదాన్ని.

ఆయన మంచివాడని నేను అనను. చెయ్యి ముందు లేచేది, నోరు తరవాత లేచేది. పనివాళ్లను కొట్టేవాడు, బేరాలు చేసేవాళ్లను కొట్టేవాడు, కొట్టడానికి ఎవరూ దొరక్కపోతే బరఫ్ దిమ్మను కొట్టేవాడు. చాచీ మీద చెయ్యెత్తిన రోజు ఆమె రొట్టెల పెనం విసిరిందట. నుదుటి మీద ఆ మచ్చ నేను చూశాను. అది ఎట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే మాత్రం, మా ఇంట్ల పులి ఉన్నది అని గర్వంగా చెప్పుకునేవాడు.

ఇదంతా షాద్‌నగర్‌లో, నాకు ఇరవై ఏళ్లప్పుడు. రైలు పట్టాల అవతల ఒక ఐసు కార్ఖానా ఉండేది. ఇప్పుడు లేదు. ఉప్పునీళ్ల తొట్టిలో పొడుగాటి రేకు డబ్బాలు ముంచి మంచు చేసేవాళ్లు. తయారైన దిమ్మలను ఊక చల్లి బరఫ్ గదిలో పేర్చేవాళ్లు. ఆ గదికి చాచా పెద్ద. పొట్టి మనిషి, మెడ లేని మనిషి. ముందు పక్క మెడ నుంచి నేల దాకా గోనెపట్టా కట్టుకుని, చేతిలో బరఫ్ పగలగొట్టే ఇనుప చువ్వ పట్టుకుని తిరిగేవాడు. కాళ్లకు చెప్పులుండేవి కావు. మంచు మీద కూడా ఉత్త కాళ్లే.

కార్ఖానా గోడ మీద సేటు ఒక పెంగ్విన్ బొమ్మ వేయించాడు. పుల్ల ఐసు అమ్మే సైకిళ్ల డబ్బాల మీదా అదే బొమ్మ. వేసిన పెయింటర్ మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాడు, ఆ పిట్టను ఏనాడూ చూసినవాడు కాదు. బుగ్గలకు గులాబీ రంగు వేశాడు, కనుబొమ్మలు కూడా పెట్టాడు. వచ్చేపోయేవాళ్లు బాతు అనేవాళ్లు. కాకికి తెల్ల బనీను తొడిగారని కూడా ఒకాయన అన్నాడట. ఆయన చెంప వాచింది.

చాచాకు ఆ పిట్ట అంటే ప్రాణం. తన కార్ఖానా గోడ మీద ఉంది కాబట్టి తన పిట్టే అనుకున్నాడు. పొద్దుగూకే వేళ బరఫ్ ముక్క కొనుక్కోవడానికి హైస్కూలు సారు ఒకాయన వచ్చేవాడు. చాచా ఆయన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, “సార్, ఇంకొక ముచ్చట చెప్పు” అనేవాడు. ముచ్చట చెబితే ముక్క పెద్దదయ్యేది. చెప్పకపోతే హ్యాండిల్ వదిలేవాడు కాదు. కొన్నాళ్లకు చెప్పడానికి పెంగ్విన్లు అయిపోయి పాపం ఆ సారు తోవ మార్చుకున్నాడు.

ఆ సారు చెప్పినవన్నీ చాచా మాకు చెప్పేవాడు. చెప్పడమంటే మామూలుగా కాదు. ఒక మాట అనడం, చువ్వతో దిమ్మను ఒక పోటు పొడవడం.

“ఈకల మీద ఈకలుంటయి దానికి. నడుమ గాలుంటది. మన దిమ్మలకు ఊక తీరు.” ఒక పోటు. “సలి పుడితె అన్ని ఒక్క తాన గుంపైతయి. అంచుకున్నది లోపటికి జరుగుతది, లోపటున్నది అంచుకు వస్తది. నాకు యెచ్చగుంది నేను జరుగనని ఒక్కటి గూడ అనది.” ఇంకో పోటు. “యెండ గొడితె దూరం దూరం నిలబడతయి. రెక్కలు లేపుతయి, నోరు తెరుస్తయి. ఒకదాన్ని ఒకటి ముట్టుకోవు. సమజైందా?”

సమజు కాలేదని ఎవరంటారు?

కొన్ని పెంగ్విన్లు మంచు లేని ఎండ దేశాల్లో కూడా ఉంటాయనీ, బొరియలు తవ్వుకుని మధ్యాహ్నమంతా నీడన పడుకుంటాయనీ, ఒంట్లో వేడి పోవడానికి వాటి మొహం మీద కొంత జాగాలో ఈకలుండవనీ సారు చెప్పిన రోజు చాచా మొదట నమ్మలేదట. సారుతోనే తగువు పడ్డాడు. తరవాత రాత్రంతా ఆలోచించి పొద్దున అందరికీ చెప్పాడు, “అంటె పాలమూరు పెంగ్విన్లు గూడ ఉన్నయన్నట్టు” అని. ఆ ఏటి నుంచి ఎండాకాలం వస్తే గడ్డం, మీసం, తల అన్నీ గొరిగించేవాడు. మళ్లీ చలి పడే దాకా పెంచేవాడు కాదు. ఈద్ రోజు గడ్డం లేకుండా తిరుగుతున్నావేమని అడిగిన తమ్ముడితో ఏడాది మాట్లాడలేదు.

ఆయన కోపానికి కూడా కాలాలున్నాయి. పెళ్లిళ్ల నెలల్లో బరఫ్ కోసం జనం గేటు దగ్గర తోసుకుంటుంటే తడి గోనెసంచి తీసుకుని వీపుల మీద బాదేవాడు. “దూరం! రెక్కలు లేపుండ్రి!” అని అరిచేవాడు. పెళ్లివాళ్లు, కల్లు దుకాణం వాళ్లు, సోడాబండ్ల వాళ్లు ఎండలో చేతులు బార్లా చాపి ఎడం ఎడంగా నిలబడేవాళ్లు. లేకపోతే బరఫ్ రాదు. చలికాలం పొద్దున్నే మంట వేస్తే మాత్రం అందర్నీ భుజానికి భుజం ఆనించి నిలబెట్టి, కాసేపటికోసారి అంచువాళ్లను లోపలికి తోసేవాడు. మంట దగ్గరే అతుక్కుపోయిన ఒకణ్ణి చెవి పట్టి లాగి బయట పడేశాడు. ఆ ఒకడు మా ఆయనే.

మేం మర్రిగూడ దిక్కు నుంచి పారిపోయి వచ్చిన వాళ్లం. మా ఆయనది మా కులం కాదు. సంగతి తెలిసిన రోజు మా అన్న నన్ను గుంజకు కట్టేసి ముల్లుగర్రతో కొట్టాడు. కర్ర విరిగితే ఇంకోటి తెమ్మని మా అమ్మనే పంపాడు. ఆమె తెచ్చి ఇచ్చింది కూడా. కట్టు విప్పిన రాత్రే నేను వెళ్లిపోయాను. కడుపుతో ఉన్నానని తరవాత ఊరికి తెలిసింది. మా అన్న నలుగురిలో నిలబడి, పుట్టేది ఏదైనా సరే దాన్ని బతకనియ్యనని ఒట్టు పెట్టుకున్నాడట. మా అన్న సంగతి నాకు తెలుసు. ఆడిన మాట తప్పేవాడు కాదు.

కార్ఖానా గేటు దగ్గర మొదటిసారి చాచా నన్ను ఎగాదిగా చూశాడు. మా ఊళ్ల నీళ్లు తాగినవాళ్లకు పళ్లు గారపట్టి ఉంటాయి. నేను చేయి అడ్డం పెట్టుకునే మాట్లాడేదాన్ని.

“చెయ్యి తియ్యి. మర్రిగూడ పళ్లు నాకు ఎరుకే. ఎవలన్న తరుముతున్నరా?”

“మా అన్న.”

“కొడతడా?”

“నరుకుతడు.”

“ఎంతమందిని తోల్కొస్తడు?”

“తెల్వదు.”

చాచా మొహం వెలిగింది. “మంచిది. మస్తు దినాలైంది నాకు సక్కటి కొట్లాట దొరక్క” అని కార్ఖానా వెనక ఉండడానికి ఒక అర్ర చూపించాడు. మా ఆయనకు పుల్ల ఐసు సైకిల్ ఇప్పించాడు. కిరాయి సంగతి అడిగితే మా ఆయన్ని కొట్టబోయాడు.

బాబు పుట్టింది మండే ఎండల్లో. చూడడానికి వచ్చిన ఆడవాళ్లు గుమిగూడితే చాచా గుమ్మంలోంచే బూతులు తిట్టి వెళ్లగొట్టాడు. ద్వారానికి తడి గోనెలు కట్టాడు. పూటకోసారి వచ్చి నీళ్లు చల్లేవాడు. బాబును మాత్రం ముట్టుకునేవాడు కాదు. నా చేతులు సల్లగుంటయి అనేవాడు. ఎత్తుకోవాలని ఎంత ఆశగా ఉండేదో మొహంలో తెలిసేది. వాళ్లకు పిల్లల్లేరు.

షాద్‌నగర్ అంగడిలో మా ఊరి మనిషి ఎవరో నన్ను చూశారు. అది నాకు తరవాత తెలిసింది. బాబుకు నెల నిండుతున్న రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, మూలమీది పాన్‌డబ్బా అతను ఉరుక్కుంటూ వచ్చాడు. “చాచా, గొడ్డళ్లు పట్టుకొని ముగ్గురు దిగిండ్రు. గీ పోరి ఫోటో చూపెడుతున్నరు” అన్నాడు. మా ఆయన సైకిల్ మీద ఊళ్లకు పోయి ఉన్నాడు. పనివాళ్లు ఒక్కరొక్కరే గోడ దూకారు.

చాచా చువ్వ తీశాడు. అప్పుడే అర్రలోంచి బాబు ఏడ్చాడు. చాచా చువ్వ వంక చూశాడు, అర్ర వంక చూశాడు. ఆ మనిషి కొట్లాటకు ముందు ఆగి ఆలోచించడం నేను చూసింది అదొక్కసారే.

“బరఫ్ అర్రలకు పా. గా గోడల నుంచి ఏడుపు బయటికి పోదు.”

“సలికి సస్తడు చాచా!”

“పా అంటున్న!” అని నా చెంప మీద ఒకటి వేశాడు. నా కాళ్లు అప్పుడు కదిలాయి.

లోపల తలుపు వేయగానే చెవులు మూసుకుపోయినట్టయింది. రెండు చెక్కల నడుమ ఊక కూరిన తలుపు అది. గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. చాచా నన్ను వెనక దిమ్మల సందులోకి తోసి ఊక గోనెలు కప్పాడు. నేను బాబును గుండెకు అదుముకున్నాను. ఆయన చేయి చాపాడు.

“తే ఇటు.”

“ఇయ్య.”

“పిచ్చిదానా, ఇను. ఎతికేది నిన్ను. నీ దగ్గరుంటె ఇద్దరు దొరుకుతరు. నేను నౌకరోణ్ని, నా పని నేను చేస్తున్న. నా దగ్గర ఎవలు ఎతుకుతరు?”

ఇచ్చాను. ఎట్లా ఇచ్చానో ఇప్పటికీ తెలియదు. పొడి గోనె మడత పెట్టి ఊక మీద వేసి దానిమీద నిలబడ్డాడు. నా పాత చీరలో చుట్టిన బాబును తన రెండు పాదాల మీద పడుకోబెట్టుకున్నాడు. పైనుంచి లుంగీ దించాడు, దానిమీద గోనెపట్టా నేల దాకా దించాడు. వెనక్కి దిమ్మల వరసకు ఆనుకున్నాడు. బాబు కనబడడం మానేశాడు.

“తండ్రి పెంగ్విన్ గిట్లనే నిలబడతది” అన్నాడు మెల్లగా. సారు చెప్పిన ఆ ముచ్చట ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. “గుడ్డును కాళ్ల మీద పెట్టుకొని, కడుపు దాని మీద వాల్చి, నెలలు నెలలు. తిండి లేదు. తుఫాన్ వచ్చినా అడుగు కదపది. కదిపితె గుడ్డు బరఫ్ మీద పడతది. పడితె ఖతం.”

బాబు ఏడుస్తూనే ఉన్నాడు. చాచా కాలివేళ్లు ఆడించాడు కాబోలు, గోనెపట్టా అంచు కొంచెం కొంచెం కదిలింది. ఏడుపు సన్నబడి ఆగింది. నాకు అది ఇంకా భయం. నిద్రపోయాడో చల్లబడ్డాడో తెలియదు. పళ్ల మధ్య గోనె కుక్కుకుని చూస్తూ ఉండిపోయాను.

తలుపు తెరుచుకుంది. ఎండ, దాని వెనక మా అన్న. ఇంకా ఇద్దరు.

“దర్వాజ ముయ్యి! బరఫ్ కరుగుతాంది, నీ అయ్య కడతడా?” అని చాచా అరిచాడు. రోజూ అందరినీ అరిచే అరుపే. వాళ్లలో ఒకడు నిజంగానే తలుపు మూశాడు. ముగ్గురూ లోపలే ఉన్నారు. చొక్కాలు చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

“మా చెల్లె యాడ?” అన్నాడు మా అన్న.

“నీ చెల్లె నాకేం ఎరుక. బరఫ్ కావాల్నంటె గేటు కాడ నిలబడు.”

“పక్కకు జరుగు. ఎనక చూడాలె.”

“జరుగ.”

మా అన్న గొడ్డలిని తిప్పి పట్టుకుని కర్ర కామతో భుజం మీద కొట్టాడు. ఎముక చప్పుడు నాకు వినబడింది. చాచా మొహంలో ఎర్రదనం పాకింది. ఆ ఎర్రదనం నేను వంద తగాదాల్లో చూశాను. దాని వెనకే చెయ్యి లేవాలి. చువ్వ పక్కనే, చేతికి అందేంత దూరంలో ఉంది. చెయ్యి లేవలేదు.

రెండో దెబ్బ చెవి మీద. నెత్తురు మెడ మీదుగా గోనెలోకి దిగింది. “చెప్పురా!” మూడోది మోకాలి మీద. మోకాలు లోపలికి ముడుచుకుంది. మనిషి ఒక పక్కకు ఒరిగి, వీపుతో దిమ్మలను తోసుకుంటూ మళ్లీ నిటారుగా అయ్యాడు. గోనెపట్టా కింది అంచు మాత్రం ఉన్నచోటి నుంచి వేలెడు కూడా జరగలేదు. ఒక్క దెబ్బ తింటే రెండు ఇచ్చే మనిషి. నా కొడుకు కాళ్ల మీద ఉన్నాడని, చేతులు రెండూ వెనక దిమ్మలను పట్టుకుని, కొట్టించుకుంటూ నిలబడ్డాడు. బయటికొచ్చేద్దామనుకున్నాను. నన్ను నరుక్కుని పోనీ అనుకున్నాను. చాచా ఎదురుగా చూస్తూనే, “ఎవలు బయటికి రారు, గీడ ఎవలు లేరు” అని గట్టిగా అన్నాడు. ఆ మాట నాకు. నేను మళ్లీ గోనె కొరుక్కున్నాను.

మా అన్న ఇంకా కొట్టేవాడే. కానీ మెడకాయ మండే ఎండలోంచి తడి చొక్కాలతో వచ్చి పడ్డారు వాళ్లు. మొదట వెనక ఉన్నవాడికి దవడ కొట్టుకోవడం మొదలైంది. తరవాత రెండోవాడికి. ముగ్గురూ మూడు మూలల్లో ఎవరికి వారు చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నారు. మా అన్న చేతిలో గొడ్డలి కామ నిలవడం లేదు. దిమ్మల మీద రెండుసార్లు ఊరికే కొట్టాడు. మంచు పెళ్లలు లేచి వాళ్ల మొహాల మీదే పడ్డాయి.

“అన్నా, గీ సలిల పసిపోరడు ఎట్ల బతుకుతడు? గీడ ఉండరు. పా” అన్నాడు ఒకడు.

మా అన్న చాచా మొహం మీద ఉమ్మేసి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

నేను ఊకలోంచి పాక్కుంటూ వచ్చాను. “తియ్యి” అన్నాడు చాచా. గోనెపట్టా ఎత్తి, లుంగీ ఎత్తి, బాబును తీశాను. వాడి మెడ కింద చెమట పట్టి ఉంది. వెచ్చగా ఉన్నాడు. కళ్లు తెరిచి, మమ్మల్నిద్దర్నీ చూసి, ఆకలికి నోరు తెరిచాడు.

“తీసినవా?”

“తీసిన చాచా.”

“మంచిగ పట్టుకున్నవా?”

“పట్టుకున్న.”

చాచా కిందికి చూశాడు. తన పాదాల మీద ఏమీ లేదని తానే ఒకసారి చూసుకున్నాడు. తరవాత చువ్వ అందుకున్నాడు. విరిగిన భుజం ఒక పక్కకు వేలాడుతోంది, ఒక కాలు ఈడుస్తున్నాడు. అయినా ఆ మనిషి అంత జోరుగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. తలుపు దగ్గర ఆగి నా వైపు వేలు చూపించాడు.

“పిల్లగాన్ని ఒక్కపారిగ యెండలకు తేకు. దర్వాజ కాడ నిలబడు జరసేపు. తెస్తె చంపుత!”

ఉత్త కాళ్లతో ఎండలోకి ఉరికాడు. నేను గడప మీద నిలబడ్డాను. వీపుకు చలి, మొహానికి వడగాలి. బాబు పాలు తాగుతున్నాడు. గేటు అవతల ముందు చాచా తిట్లు వినబడ్డాయి, తరవాత ఉరుకుతున్న కాళ్ల చప్పుడు, తరవాత ఒక కేక. ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన గొంతు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని చేను చెల్కలకు తీసుకుపోయినవాడి గొంతు. చువ్వ తొడలో దిగిందని తరవాత చెప్పారు. మా అన్న మళ్లీ ఆ దిక్కు రాలేదు.

ఆ కేక విని నాకు సంతోషమైంది. దాచుకోను. కడుపు నిండేంత సంతోషమైంది. ఇంకొకటి వినబడుతుందేమోనని బాబును పొదువుకుని చెవి ఒగ్గి అక్కడే నిలబడ్డాను.